విస్తరిలో పప్పు వాటా

తెలుగు భాషలో పప్పుకు దక్కిన గౌరవం మరే వంటకానికీ దక్కలేదు. పెళ్లీడుకు వచ్చిన యువకుణ్ణి "పప్పన్నం ఎప్పుడు పెడతావు?" అని పెద్దలు అడిగితే, అది వివాహ ప్రస్తావనే గాని భోజన ప్రస్తావన కాదు. విందులో విస్తరి పరచగానే అన్నం మీద ముద్దపప్పు, దానిమీద నెయ్యి పడనిదే భోజనం ఆరంభం కాదు. శ్రీరామనవమికి వడపప్పు, శ్రావణమాసపు వాయనాలలో నానబెట్టిన శనగలు, సంక్రాంతికి గారెలు, ఇలా పప్పుదినుసులు లేని పండుగ అరుదు. అయితే ఈ గౌరవమంతా పండుగలకూ పెళ్లిళ్లకూ పరిమితమై, నిత్య భోజనంలో పప్పు స్థానం క్రమంగా కుంచించుకుపోయింది. కంచం నిండా అన్నం, దానిని తడపడానికి మాత్రం నాలుగు గరిటెల పలుచని పప్పుచారు, ఇదీ నేటి అనేక గృహాల, వసతిగృహాల పరిస్థితి. ఈ నిష్పత్తిని సరిదిద్దడం కేవలం రుచికి సంబంధించిన విషయం కాదు. మనిషి దేహంలో కండ ఎంత, కొవ్వు ఎంత అనే ప్రశ్నతో దానికి విడదీయరాని సంబంధం ఉన్నది.

ఆరోగ్యాన్ని గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా అందరి దృష్టీ బరువు మీదనే నిలుస్తుంది. త్రాసు ముల్లు ఎక్కడ ఆగిందన్నదే ముఖ్యమని చాలామంది భావిస్తారు. ఎత్తునుబట్టి బరువును అంచనా వేసే శరీర ద్రవ్యరాశి సూచికకు మూలమైన సూత్రాన్ని బెల్జియం దేశపు గణితవేత్త అడాల్ఫ్ కెట్లే పందొమ్మిదవ శతాబ్దంలోనే రూపొందించాడు. కిలోలలో ఉన్న బరువును, మీటర్లలో ఉన్న ఎత్తు వర్గంతో భాగిస్తే ఆ సూచిక వస్తుంది. జనసమూహాల స్థితిని తెలుసుకోవడానికి అది నేటికీ ఉపయోగపడుతున్నది. కాని ఒక వ్యక్తి బరువులో ఎముక ఎంత, కండరం ఎంత, కొవ్వు ఎంత అన్నది ఆ సూచిక చెప్పలేదు. బస్తా బరువు తెలిసినంత మాత్రాన అందులో ఉన్నది ధాన్యమో, ఊకో తెలియదు కదా!

ఈ సత్యాన్ని 2004లో ఇద్దరు శాస్త్రజ్ఞులు తమ శరీరాలనే ఉదాహరణగా చూపి లోకానికి తెలియజేశారు. పుణె నగరానికి చెందిన డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, ఇంగ్లండుకు చెందిన జాన్ యుడ్కిన్ కలిసి లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఒక చిన్న రచన ప్రకటించారు. ఇద్దరి శరీర ద్రవ్యరాశి సూచిక ఒక్కటే, 22.3. ఆ అంకెనుబట్టి చూస్తే ఇద్దరూ సమానమైన ఆరోగ్యవంతులే. కాని ప్రత్యేక యంత్రంతో పరీక్షించగా యుడ్కిన్ శరీరంలో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ శరీరంలో 21.2 శాతం ఉన్నట్లు తేలింది. చూపులకు బక్కగా కనిపించే భారతీయుని దేహంలో కొవ్వు దాగి ఉండవచ్చుననడానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం అక్కరలేదు. పుణె పరిసర గ్రామాలలో యాజ్ఞిక్ బృందం జరిపిన పరిశోధనలో మరొక విషయం వెల్లడైంది. అక్కడి శిశువుల సగటు జన్మ బరువు 2.7 కిలోలు కాగా, ఇంగ్లండులోని సౌతాంప్టన్ శిశువుల సగటు బరువు 3.5 కిలోలు. బరువులో ఇంత తేడా ఉన్నప్పటికీ చర్మం కింది కొవ్వులో మాత్రం ఆ స్థాయిలో తేడా లేదు. తగ్గినది ప్రధానంగా కండరమూ, ఇతర అవయవాల ద్రవ్యరాశీ.

ఈ కారణంగానే భారతీయులకు ప్రత్యేకమైన పరిమితులను వైద్యులు నిర్ణయించారు. ఇతర దేశాలలో సూచిక 25 దాటితే అధిక బరువుగా, 30 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తుండగా, భారతీయుల విషయంలో 23, 25 అంకెలనే హద్దులుగా పాటిస్తున్నారు. నడుము చుట్టుకొలత పురుషులకు 90 సెంటీమీటర్లు, స్త్రీలకు 80 సెంటీమీటర్లు మించరాదని చెబుతున్నారు. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యంలో జరిగిన విస్తృత సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. వాటి ప్రకారం వయోజనులలో సాధారణ స్థూలకాయం 28.6 శాతం ఉండగా, ఉదర స్థూలకాయం 39.5 శాతం ఉన్నది. అంటే త్రాసు ముందు దోషులుగా నిలవనివారు సైతం కొలత పట్టీ ముందు పట్టుబడుతున్నారన్నమాట. దేశంలో మధుమేహ బాధితుల సంఖ్య సుమారు 10 కోట్ల 10 లక్షలని ఆ సర్వే అంచనా వేసింది. భోజనానంతరం రక్తంలో చేరే చక్కెరను అధికంగా స్వీకరించేది కండరమే. కండ తక్కువై, పొట్టచుట్టూ కొవ్వు పెరిగిన దేహం మధుమేహానికి సులభంగా లొంగిపోవడంలో ఆశ్చర్యం లేదు.

పప్పు కొరతే ఈ స్థితికి ఏకైక కారణమని చెప్పడం శాస్త్రసమ్మతం కాదు. గర్భవతుల పోషణలోపం, శరీరశ్రమ తగ్గిపోవడం, నూనెలూ చక్కెరలూ మితిమీరడం వంటి కారణాలు అనేకం ఉన్నాయి. అయితే వాటిలో ప్రతి కుటుంబమూ రేపటి భోజనం నుండే సరిదిద్దుకోగలిగినది కంచంలోని నిష్పత్తి. అందుకే దానిని గురించి ప్రత్యేకంగా ఆలోచించవలసి ఉన్నది.

కండను పెంచే పోషకానికి తెలుగులో ఉన్న పేరు "మాంసకృత్తు". మాంసమును చేయునది అని దాని అర్థం. పేరులోనే పని ఇమిడి ఉన్నది. 100 గ్రాముల బియ్యంలో మాంసకృత్తులు సుమారు 8 గ్రాములు. అంతే తూకం కందిపప్పులోగాని, శనగపప్పులోగాని, ఉలవలలోగాని సుమారు 22 గ్రాములు. మినప్పప్పులో, పెసరపప్పులో ఇంకొంచెం ఎక్కువ. సోయాచిక్కుడులో 35 గ్రాములకు పైగా ఉంటాయి. బియ్యానికీ కందిపప్పుకూ శక్తినిచ్చే గుణంలో పెద్ద తేడా లేదు. 100 గ్రాములు తింటే రెండూ ఇంచుమించు 330 నుండి 360 కిలోకాలరీల శక్తినే ఇస్తాయి. తేడా అంతా ఆ శక్తితో పాటు లభించే వస్తువులోనే ఉన్నది. బియ్యం ఇంధనాన్ని మాత్రమే మోసుకొస్తే, పప్పు ఇంధనంతో పాటు ఇల్లు కట్టే ఇటుకలను కూడా మోసుకొస్తుంది.

పదహారు నుండి పద్దెనిమిదేండ్ల వయసు గల బాలురకు రోజుకు సుమారు 55 గ్రాములు, బాలికలకు సుమారు 46 గ్రాములు మాంసకృత్తులు అవసరమని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సిఫారసు చేసింది. ఒక విద్యార్థి రోజుకు 400 గ్రాముల బియ్యం, 30 గ్రాముల పప్పు తింటున్నాడనుకుంటే ఈ రెండింటివల్ల అతనికి లభించేవి సుమారు 39 గ్రాములు. అదే విద్యార్థి బియ్యాన్ని 340 గ్రాములకు తగ్గించి, పప్పుదినుసులను 90 గ్రాములకు పెంచితే లభించేవి సుమారు 47 గ్రాములు. తిన్న తూకం మారలేదు, అదే 430 గ్రాములు. కడుపు మాడ్చుకోనవసరమూ లేదు. మిగిలిన కొరతను రెండు గ్లాసుల పాలో, పెరుగో, ఒక గుడ్డో తీరుస్తుంది. ఆహార సంస్కరణ అంటే అన్నాన్ని ద్వేషించడం కాదు, వాటాలను మార్చడమేనని ఈ చిన్న లెక్క స్పష్టం చేస్తున్నది.

అన్నమూ పప్పూ ఒకదానికొకటి పూరకాలు కూడా. బియ్యపు మాంసకృత్తులలో లైసిన్ అనే ఆమ్లం తక్కువ, పప్పులో అది పుష్కలం. పప్పులో మెథియోనిన్ అనే ఆమ్లం తక్కువ, బియ్యంలో అది తగినంత ఉన్నది. రెండూ కలిసినప్పుడు ఒకదాని లోపాన్ని మరొకటి తీరుస్తుంది. ఈ రసాయన శాస్త్రం తెలియని కాలంలోనే తెలుగు గృహిణులు పులగం వండారు, మినప్పప్పుతో బియ్యపు రవ్వ కలిపి ఇడ్లీ పోశారు, పెసరట్టులో ఉప్మా పెట్టారు. పూర్వుల వంటిల్లు అనుభవంతో సాధించిన దానిని నేటి ప్రయోగశాల అంకెలతో నిరూపిస్తున్నది.

పప్పుదినుసులకు మరొక సుగుణం ఉన్నది. వాటిలోని పిండిపదార్థం నెమ్మదిగా జీర్ణమవుతుంది. పీచు అధికంగా ఉండడంవల్ల కడుపు నిండిన భావన ఎక్కువసేపు నిలుస్తుంది. కెనడాలోని టొరంటో నగరంలో డేవిడ్ జెన్కిన్స్ బృందం 1981లో ఆహారపదార్థాలు రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతాయో కొలిచి ఒక సూచికను రూపొందించింది. ఆ పట్టికలో పప్పుధాన్యాలు కింది మెట్టున నిలిచాయి. పప్పు వాటా పెరిగిన భోజనం చేసినవారికి రెండు గంటలు తిరగకముందే మళ్లీ ఏదో ఒకటి నమలాలనే కోరిక తగ్గడానికి కారణం ఇదే.

అయితే పప్పును ఆకాశానికెత్తి, అది కొవ్వును కరిగించే దివ్యౌషధమని ప్రచారం చేయడం కూడా అసత్యమే అవుతుంది. 2016లో కెనడా పరిశోధకులు 21 ప్రయోగాల ఫలితాలను క్రోడీకరించారు. వాటిలో పాల్గొన్నవారు మొత్తం 940 మంది. రోజుకు సుమారు 130 గ్రాముల ఉడికిన పప్పుధాన్యాలను, సుమారు ఆరు వారాలపాటు తిన్నవారిలో సగటున తగ్గిన బరువు 0.34 కిలోలు మాత్రమే. నెలకు పది కిలోలు తగ్గిస్తామని ఊరించే ప్రకటనల ముందు ఈ అంకె వెలవెలబోతుంది. కాని నిజం ఎప్పుడూ ప్రకటనంత ఆర్భాటంగా ఉండదు. ఆ ప్రయోగాలలో అధికభాగం బరువు తగ్గించడమే లక్ష్యంగా కడుపు మాడ్చినవి కావు. పస్తులుండకుండా, మందులు మింగకుండా, కేవలం ఆహారపు వాటా మార్చినందువల్ల కలిగిన ఫలితమది. పైగా పప్పు విలువను త్రాసుతో మాత్రమే తూచడం మొదటి పొరపాటును మళ్లీ చేయడమే. తిండి మానివేసి బరువు తగ్గినవారు కొవ్వుతో పాటు కండను కూడా పోగొట్టుకుంటారు. తగినన్ని మాంసకృత్తులు తింటూ, శరీరశ్రమ చేస్తూ తగ్గినవారు కండను చాలావరకు నిలుపుకోగలుగుతారు. ఇద్దరి త్రాసులూ ఒకే అంకె చూపినా ఇద్దరి దేహాలూ ఒకటి కావు. శ్రమ లేనిదే పప్పు ఒక్కటే కండను పెంచలేదన్నది కూడా ఇక్కడ గుర్తుంచుకోవలసిన విషయం. ఇటుకలు ఎన్ని తెచ్చి పోసినా, తాపీ పట్టేవాడు లేనిదే గోడ లేవదు.

"పప్పు తింటే లావెక్కుతారు, వాతం చేస్తుంది" అనే మాటలు ఊరూరా వినిపిస్తాయి. ఈ నింద పప్పుకు రావడానికి వండే విధానం కొంత కారణం. శనగపిండి బజ్జీగా మారి నూనెలో మునిగినప్పుడు, మినప్పప్పు గారెగా వేగినప్పుడు, శనగపప్పు బెల్లంతో కలిసి బొబ్బట్టయి నేతిలో తేలినప్పుడు వాటితో పాటు చేరే నూనె, నెయ్యి, బెల్లాల పాపాన్ని పప్పు మోయవలసి వస్తున్నది. వేరుశనగ కూడా కాయధాన్యపు కుటుంబానిదే అయినా, దాని గింజలో దాదాపు సగం వరకు నూనె ఉంటుంది కనుక దానిని కందిపప్పుతో సమానంగా లెక్కించరాదు. ఇక కడుపుబ్బరం విషయానికి వస్తే, గింజలను రాత్రంతా నానబెట్టి, ఆ నీటిని పారబోసి, మెత్తగా ఉడికించితే అది చాలావరకు తగ్గుతుంది. అలవాటు లేనివారు ఒక్కసారిగా కాక క్రమక్రమంగా వాటా పెంచుకోవడం మేలు. మూత్రపిండ వ్యాధిగ్రస్తులు మాత్రం వైద్యుని సలహా లేకుండా మాంసకృత్తులను పెంచుకోరాదు. కోస్తాలో గుగ్గిళ్లనీ, తెలంగాణలో గుడాలనీ పిలిచే ఉడికిన శనగలు, అలసందలు, పెసలు నూనె అవసరం అంతగా లేని ఉత్తమమైన చిరుతిండి. ఉలవచారూ, చిత్తూరు ప్రాంతపు అనపగింజల కూరా నాలుకకూ దేహానికీ సమానంగా హితం చేకూర్చేవే.

ఇంత మేలు చేసే పప్పు కంచంలో ఎందుకు తరిగిపోయింది? దీనికి ప్రజల అజ్ఞానమే కారణమనుకోవడం అన్యాయం. 1961లో దేశంలో ఒక్కొక్కరికి రోజుకు 69 గ్రాముల పప్పుధాన్యాలు అందుబాటులో ఉండేవి. 2001 నాటికి అది 30 గ్రాములకు పడిపోయింది. ఆ తరువాత కొంత పెరిగినా పాత స్థాయిని అందుకోలేదు. హరిత విప్లవం వరికీ గోధుమకూ నీళ్లనూ, ఎరువులనూ, మద్దతు ధరనూ సమకూర్చింది. పప్పుధాన్యాలు వర్షాధారపు మెట్టభూములకే మిగిలిపోయాయి. ఆకలిని జయించడానికి ఆనాడు ఆ మార్గం అవసరమైనదే. ఆంధ్రప్రదేశ్‌లో 1983లో ప్రారంభమైన కిలో రెండు రూపాయల బియ్యం పథకం లక్షలాది పేద కుటుంబాల పొయ్యి మీదికి అన్నం తెచ్చిందన్న విషయాన్ని ఎవరూ కాదనలేరు. అయితే పొయ్యి మీదికి అన్నం వచ్చినంత సులభంగా పప్పు రాలేదు. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం సైతం బియ్యం, గోధుమలు, ముతక ధాన్యాలకే హామీ ఇచ్చింది గాని, పప్పుకు హామీ ఇవ్వలేదు. బియ్యం చౌకగా, పప్పు ప్రియంగా ఉన్నచోట పేద తల్లి గరిటెడు పప్పులో చెంబెడు నీళ్లు పోయక ఏం చేస్తుంది? 2025లో వెలువడిన ఒక జాతీయ అధ్యయనం భారతీయులు తినే ఆహారశక్తిలో సుమారు 62 శాతం పిండిపదార్థాల నుండే వస్తున్నదని తెలిపింది. అందులో ఐదు శాతం శక్తిని మొక్కల నుండి గాని, పాల నుండి గాని లభించే మాంసకృత్తులతో భర్తీ చేస్తే మధుమేహ ప్రమాదం తగ్గే అవకాశం ఉన్నదని కూడా సూచించింది.

గుడ్లు, చేపలు, మాంసం ఉండగా పప్పును గురించి ఇంత వాదన ఎందుకని కొందరు ప్రశ్నించవచ్చు. గుడ్డులోని మాంసకృత్తులు నాణ్యతలో పప్పుకంటె మిన్న అన్నది వాస్తవం. వాటిని తినగలిగినవారు తినడం మంచిదే. కాని రోజూ మూడుపూటలా మాంసం కొనగలిగే కుటుంబాలు ఎన్ని? పప్పు ఏడాది పొడవునా నిలువ ఉంటుంది, అన్ని మతాల, ఆచారాల వారికీ ఆమోదయోగ్యమైనది, మాంసంలో లేని పీచును కూడా అందిస్తుంది. అంతేకాక, కాయధాన్యపు మొక్కల వేరుబుడిపెలలోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని స్థిరీకరించి నేలను సారవంతం చేస్తాయి. కృష్ణా డెల్టాలో వరి కోతకు ముందే చేలో మినుములు, పెసలు చల్లి రెండవ పంట తీసే రైతులకు ఈ మేలు అనుభవపూర్వకంగా తెలుసు. వికారాబాద్ జిల్లాలోని తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు లభించింది. పండించే నేలా, పండించే నేర్పూ తెలుగునాట కొరవడలేదు. కొరవడినది ఆ పంటకు కంచంలో ఇవ్వవలసిన చోటు.

ఈ విషయంలో అందరికంటె ఎక్కువగా ఆలోచించవలసినవారు యువతీయువకులు. ఎదిగే వయసులో ఒక వర్గం అద్దం ముందు నిలబడి, సన్నబడాలనే తపనతో పూటలు ఎగగొడుతున్నది. మరొక వర్గం కండలు పెంచాలనే తొందరతో డబ్బాలలో అమ్మే మాంసకృత్తుల పొడుల మీద వేలాది రూపాయలు వెచ్చిస్తున్నది. మొదటి మార్గం కండను కరిగిస్తుంది, రెండవది జేబును కరిగిస్తుంది. కండలు పెంచడానికి ఆ పొడులను ఆశ్రయించవద్దని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాలలో స్పష్టంగా చెప్పింది. రోజుకు 2000 కిలోకాలరీల ఆహారం తినేవారికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పుధాన్యాలు గాని, వాటితో పాటు గుడ్లు, మాంసం గాని కలిపి 85 గ్రాములు ఉండాలని ఆ సంస్థ సూచించింది. అంటే ధాన్యం మూడు వంతులైతే పప్పు సుమారు ఒక వంతు. విద్యార్థి కంచంలో నేడు ఆ నిష్పత్తి ఎక్కడున్నదో ఎవరికి వారు చూసుకోవచ్చు.

అయితే వ్యక్తుల సంకల్పం ఒక్కటే చాలదు. ప్రభుత్వం చౌకధరల దుకాణాలలో బియ్యంతో పాటు పప్పును కూడా ప్రతి నెలా, తప్పనిసరిగా, పేదలకు అందే ధరకు ఇవ్వాలి. అది దయ కాదు, రాబోయే మధుమేహ చికిత్సల వ్యయాన్ని ముందుగానే తగ్గించుకునే వివేకం. వసతిగృహాల నిర్వాహకులు పప్పుచారు ఎన్ని గిన్నెలు వండారన్నది కాక, అందులో తలకు ఎన్ని గ్రాముల పప్పు పడిందన్నది లెక్కలో చూపాలి. గృహాలలో అన్నపు హస్తం ఒకటి తగ్గించి పప్పు గరిటె ఒకటి పెంచాలి, ఆ పప్పు గరిటె జారుడుగా కాక ముద్దగా ఉండాలి. వడ్డించే వేళ తండ్రికీ కొడుక్కీ ముద్దపప్పు, తల్లికీ కూతురికీ అడుగున మిగిలిన పప్పుకట్టు అనే అలవాటు ఎక్కడున్నా అది తొలగాలి. ఎముక, కండ గట్టిపడవలసిన అవసరం స్త్రీలకు ఏమాత్రం తక్కువ కాదు.

దేహం ఒక్కరోజులో నిర్మాణం కాదు, ఒక్కరోజులో శిథిలమూ కాదు. రోజూ కంచంలో పడే వాటాలే ఏళ్లు గడిచేసరికి కండగానో కొవ్వుగానో మిగులుతాయి. పప్పు అద్భుతాలు చేయదు. కాని ఉడికించి, మితమైన నూనెతో, తగిన శ్రమతో, ప్రతిదినం తిన్నప్పుడు అది చేయవలసిన పనిని నమ్మకంగా చేస్తుంది. పండుగనాడు పప్పుకు ఇచ్చే గౌరవాన్ని పనిదినాలలోనూ ఇవ్వగలిగిన కుటుంబం, ఆ కుటుంబానికి ఆ వీలు కల్పించగలిగిన ప్రభుత్వం, రెండూ కలిసినప్పుడే రాబోయే తరం చూపులకే కాక లోపల కూడా దృఢంగా ఎదుగుతుంది.